ఫర్మ్‌వేర్ మార్చడానికి బూట్ అయ్యే ఐఎస్ఓ తయారుచేయడం ఎలా? రెండు రాత్రులుగా నిద్ర లేదు

మిరపయార్డు (శుక్రవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. కథ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా పెళ్లి ఫొటోల స్టూడియో బ్యాకప్ కోసం ఒక సెకండ్ హ్యాండ్ ర్యాక్ సర్వర్ కొన్నాను. నేనుండేది గుంటూరులో, సర్వర్ మాత్రం హైదరాబాద్‌లో మా బావమరిది ఆఫీసులో ఓ మూల గదిలో ఉంది (ఆ ఫ్యాన్ల మోతకి ఇంట్లో పెట్టనివ్వలేదు). దాంట్లో డిస్కులు తగిలించే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డు ఉంది, ఐఆర్ మోడ్ (డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపించగల రెయిడ్ పద్ధతి) ఫర్మ్‌వేర్‌తో, అంటే కార్డు లోపలి సొంత ప్రోగ్రామ్‌తో వచ్చింది. జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్ని తనే చూసుకునే ఫైల్ సిస్టమ్) వేసుకోవాలంటే డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే ఐటీ మోడ్ ఉండాలని అందరూ చెప్తున్నారు కాబట్టి ఫర్మ్‌వేర్ మార్చాలి. మదర్‌బోర్డుకి రిమోట్ కన్సోల్ ఉంది, ఇంటి నుంచే స్క్రీన్ చూడొచ్చు, నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఐఎస్ఓ ఫైల్‌ని (సీడీ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా చేసింది) వర్చువల్ సీడీలా తగిలించొచ్చు. పెన్‌డ్రైవ్ ఇమేజ్ మాత్రం తీసుకోదు.

ఫ్రీడాస్ (పాత డాస్‌కి ఉచిత రూపం) బూట్ ఫ్లాపీ ఇమేజ్ తెచ్చి ఫ్లాష్ టూల్ (ఫర్మ్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామ్), ఫర్మ్‌వేర్ ఫైళ్లు వేయబోతే డిస్క్ ఫుల్ అంది. సరే అని ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి దాన్నే ఐఎస్ఓ చేశాను. బూట్ అవ్వలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది.

ఓరుగల్లు64 (రాత్రి 10:52)

అన్నా, ఐఎస్ఓ ఎందుకు? రూఫస్ ఓపెన్ చేసి బూట్ సెలెక్షన్‌లో ఫ్రీడాస్ పెడితే రెండు నిమిషాల్లో పెన్‌డ్రైవ్ రెడీ. ఫైళ్లు దాంట్లో పడేయి, అయిపాయె.

మిరపయార్డు (రాత్రి 10:55)

తమ్ముడూ, పెన్‌డ్రైవ్ నా చేతిలో ఉంటే సర్వర్ దాదాపు 270 కిలోమీటర్ల అవతల ఉంది. మా బావమరిది మంచివాడే కానీ "బూట్ మెనూలోకి వెళ్లు" అంటే షట్‌డౌన్ చేసి ఇంటికి వెళ్లిపోయే రకం.

పాతడాసు (రాత్రి 11:34)

మిరపయార్డు గారూ, మీ రెండు తప్పులూ ఒకే చోట ఉన్నాయి. మామూలు ఫోల్డర్‌ని ఐఎస్ఓ చేస్తే అది సీడీ మాత్రమే, బూట్ అయ్యే సీడీ కాదు. బూట్ అవ్వాలంటే లోపల ఎల్ టొరిటో పద్ధతిలో ఒక బూట్ రికార్డు ఉండాలి. ఇది 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి రాసిన ప్రమాణం. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో వాళ్లు కూర్చుని మాట్లాడుకున్న హోటల్ పేరే దానికి పెట్టేశారు. అదే బెజవాడలో కూర్చుని ఉంటే ఈపాటికి మనం బాబాయ్ హోటల్ ప్రమాణం అని చదువుకునేవాళ్లం.

పాత బయోస్‌కి (కంప్యూటర్ ఆన్ అవ్వగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సంబంధించి దాంట్లో మూడు దారులున్నాయి. సీడీలో ఉన్న ఒక ఫైల్‌ని ఫ్లాపీ అన్నట్టు బయోస్ నటించడం, హార్డ్ డిస్క్ అన్నట్టు నటించడం, ఏ నటనా లేకుండా నేరుగా ఒక చిన్న లోడర్‌ని నడపడం. ఫ్లాపీ దారిలో వెళ్తే సైజులు ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. 1.44 అంటే కచ్చితంగా 2880 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 14,74,560 బైట్లు. ఒక్క బైట్ పెరిగినా ఐఎస్ఓ చేసే టూలే ఒప్పుకోదు. తర్వాతది 2.88, అంటే 5760 సెక్టార్లు. మధ్యలో 2 మెగాబైట్ల ఫ్లాపీ చేసుకుందాం అంటే కుదరదు. మీకు డిస్క్ ఫుల్ రావడానికి కారణం అదే, ఫ్రీడాస్ బూట్ ఫ్లాపీలో మీకు అవసరం లేని సరంజామా కూడా ఉంటుంది. కెర్నల్, కమాండ్ డాట్ కామ్ ఉంచి మిగతావి తీసేస్తే చోటు రావచ్చు కానీ నేనైతే ఆ ఇరుకులో అవస్థ పడను.

ఇంకో సంగతి, ఖాళీ ఇమేజ్‌ని ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేసి కెర్నల్ ఫైల్ కాపీ చేసినంత మాత్రాన బూట్ అవ్వదు. మొదటి సెక్టార్‌లో బూట్ కోడ్ ఉండాలి, డాస్‌లో సిస్ అనే కమాండ్ ఉన్నదే అందుకు. చాలామంది ఇక్కడే పడిపోతారు. కాబట్టి కొత్తది చేసుకునే బదులు ఇప్పటికే బూట్ అయ్యే ఇమేజ్ తెచ్చుకుని దాంట్లో ఫైళ్లు మార్చుకోవడం తేలిక.

నేను చేసే పద్ధతి ఇది. ఫ్రీడాస్ వాళ్ల యూఎస్‌బీ లైట్ ఇమేజ్ తీసుకోండి. ఎఫ్‌డిస్క్‌తో దాంట్లో పార్టిషన్ ఏ సెక్టార్ దగ్గర మొదలవుతుందో చూడండి, ఆ సంఖ్యని 512తో గుణించండి. ఉదాహరణకి 63 అయితే 32256. ఆ ఆఫ్‌సెట్ చెప్పి ఎంటూల్స్‌లోని ఎంకాపీతో మీ ఫైళ్లు లోపలికి వేయండి, రూట్ పర్మిషన్ కూడా అక్కర్లేదు. ఆ తర్వాత ఐఎస్ఓ కోసం ఒక ఫోల్డర్ చేసి దాంట్లో ఐసోలైనక్స్ బిన్ ఫైల్ (సీడీ నుంచి బూట్ చేసే లోడర్), మెమ్‌డిస్క్ (ఇమేజ్‌ని ర్యామ్‌లోకి తెచ్చి డిస్కులా చూపించేది), మీ ఇమేజ్ పెట్టండి. ఇవి వచ్చే సిస్‌లైనక్స్ ప్యాకేజీ 5 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే ఎల్‌డీలైనక్స్ సీ32 ఫైల్ కూడా పక్కనే ఉండాలి, మర్చిపోతే బూట్ దగ్గరే ఏడుస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో కెర్నల్‌గా మెమ్‌డిస్క్, ఇనిట్ఆర్‌డీగా మీ ఇమేజ్ రాయండి. చివరికి జెన్ఐసోఇమేజ్ కమాండ్‌కి నో ఎమ్యులేషన్, బూట్ లోడ్ సైజ్ 4, బూట్ ఇన్ఫో టేబుల్ అనే మూడు ఆప్షన్లూ ఇవ్వండి, ఒక్కటి వదిలేసినా నల్ల స్క్రీనే.

కమాండ్లు ఇలా తెలుగులో పలికి రాస్తున్నానని విసుక్కోకండి. కాపీ పేస్ట్ చేసే వీలు లేకపోతే ప్రతి ఆప్షన్ ఏం చేస్తుందో మాన్యువల్ పేజీలో చూసి టైప్ చేస్తారు. ఫర్మ్‌వేర్ పనికి ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి.

టంకంపొగ (రాత్రి 11:58)

మాష్టారు చెప్పినదానికి నాలుగు మాటలు కలుపుతాను, రోజూ ఇదే పని నాది.

ఫైల్ పేర్లు 8 అక్షరాలు, చుక్క, 3 అక్షరాలు దాటకుండా పెట్టండి. డాస్‌లో పొడుగు పేర్లు తోకలు తెగిన పాముల్లా కనపడతాయి, అర్ధరాత్రి ఏది ఏదో తెలియక తప్పు ఫైల్ వేసేస్తారు.

ఫ్రీడాస్ బూట్ మెనూలో మెమరీ మేనేజర్లు లేని ఆప్షన్ ఎంచుకోండి, లేదా ఎఫ్5 నొక్కి అన్నీ దాటేయండి. ఈఎంఎం386 లాంటివి ఎక్కించి ఉంటే చాలా ఫ్లాష్ టూల్స్ మధ్యలో వేలాడిపోతాయి.

ఆటోఎగ్జెక్ ఫైల్లో ఫ్లాష్ కమాండ్ రాయకండి, దయచేసి. "ఆటోమేటిక్‌గా అయిపోతుంది కదా" అని ఒకాయన రాశాడు. సీడీ తీయడం మర్చిపోయాడు, మిషన్ రీబూట్ అయిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేస్తూ కూర్చుంది. బతికి బయటపడటం దాని అదృష్టం.

నాలుగోది అసలైనది. కార్డు ఎస్ఏఎస్ అడ్రస్ రాసుకున్నారా?

మిరపయార్డు (శనివారం, ఉదయం 6:15)

పాతడాసు మాష్టారూ, మీ పేరు చెప్పుకుని కాఫీ తాగుతున్నాను. బూట్ అయింది! సీ ప్రాంప్ట్ చూసి ఎన్నేళ్లయిందో. (ఎల్‌డీలైనక్స్ ఫైల్ మర్చిపోయాను, మీరు చెప్పినట్టే ఏడ్చింది.)

టంకంపొగ గారూ, ఎస్ఏఎస్ అడ్రస్ అంటే ఏమిటి? రాసుకోకపోతే ఏమవుతుంది?

టంకంపొగ (ఉదయం 7:02)

నెట్‌వర్క్ కార్డుకి మ్యాక్ అడ్రస్ ఎలాగో ఈ కార్డుకి అది అలాగ. 16 హెక్సాడెసిమల్ అంకెలు, ఎల్‌ఎస్‌ఐ కార్డుల్లో సాధారణంగా 500605బీతో మొదలవుతుంది. కార్డు వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, ఫ్లాష్ టూల్‌లో లిస్ట్ కమాండ్ ఇచ్చినా చూపిస్తుంది.

ఐఆర్ నుంచి ఐటీకి మారాలంటే పాత ఫర్మ్‌వేర్‌ని ముందు చెరపాలి. ఎరేజ్ ఆప్షన్‌కి ఒక అంకె ఇవ్వాలి. 6 ఇస్తే తయారీ వివరాలు వదిలేసి మిగతాది చెరుపుతుంది, 7 ఇస్తే మొత్తం తుడిచేస్తుంది, అడ్రస్‌తో సహా. మీకు కావాల్సింది 6. అయినా అడ్రస్ రాసి పెట్టుకోవాలి, వేలు జారి 7 పడితే వెనక్కి ఎక్కించుకోవడానికి.

ఇంకొకటి, ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. చెరిపాక కొత్తది ఎక్కించేదాకా రీబూట్ చేయొద్దు. ఆ మధ్యలో కార్డు లోపల ఏమీ ఉండదు.

మిరపయార్డు (ఉదయం 9:48)

బావమరిది చేత సర్వర్ ఆఫ్ చేయించి, కార్డు బయటికి తీయించి స్టిక్కర్ ఫొటో పెట్టించుకున్నాను. మొదట పంపిన ఫొటోలో స్టిక్కర్ తప్ప అన్నీ ఉన్నాయి, వాడి బొటనవేలుతో సహా. మూడోసారి కుదిరింది.

ఇప్పుడు కొత్త సమస్య. డాస్‌లో టూల్ నడిపి లిస్ట్ అడిగితే "ఫెయిల్డ్ టు ఇనిషియలైజ్ పాల్, ఎగ్జిటింగ్ ప్రోగ్రామ్" అంటోంది. కార్డు చచ్చిందా? తీసి పెట్టినప్పుడు వాడేమైనా చేశాడా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఫిల్టర్‌కాఫీ (ఉదయం 10:10)

టెన్షన్ పడకండి, మీ పాలు విరిగాయంతే, కుండ పగల్లేదు.

ఇది ఈ టూల్‌కి ఉన్న పాత జబ్బు. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చింది) ఆధారంగా వచ్చిన చాలా మదర్‌బోర్డుల మీద డాస్ వెర్షన్ పని చేయదు, బోర్డు లెగసీ (పాత బయోస్) మోడ్‌లో డాస్‌ని బూట్ చేసినా సరే. డాస్ బూట్ అవ్వడం వేరు, డాస్‌లోంచి టూల్ కార్డుని అందుకోవడం వేరు. పరిష్కారాలు రెండు. ఒకటి పాత బయోస్ బోర్డున్న కంప్యూటర్‌కి కార్డు మార్చి అక్కడ చేయడం, మీకు కుదరదు. రెండోది అదే టూల్‌కి ఉన్న ఈఎఫ్ఐ వెర్షన్‌ని యూఈఎఫ్ఐ షెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే కమాండ్లు తీసుకునే చోటు) నడపడం.

కాబట్టి ఐఎస్ఓ మళ్లీ చేయాలి, ఈసారి డాస్ లేకుండా. నిజానికి ఇది ముందుదానికన్నా తేలిక, బూట్ సెక్టార్ గొడవే లేదు. ఒక ఖాళీ ఫైల్ చేసి, ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, లోపల ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాంట్లో బూట్ అనే ఫోల్డర్, దాంట్లో షెల్ ఫైల్‌ని బూట్ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అని పేరు మార్చి పెట్టాలి. టూల్, ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా ఆ ఇమేజ్‌లోనే వేయండి. ఇమేజ్‌ని ఒక ఫోల్డర్‌లో పెట్టి క్సోరిసోని ఎంకేఐసోఎఫ్‌ఎస్ తరహాలో పిలిచి, ఇంగ్లిష్ చిన్న 'ఈ' అక్షరం ఆప్షన్‌తో ఆ ఇమేజ్ పేరు చెప్పి, నో ఎమ్యులేషన్ బూట్ ఇవ్వండి. ఇమేజ్ 32 మెగాబైట్ల లోపు ఉంచండి. ఎల్ టొరిటోలో సైజు రాసే గడి 16 బిట్లే, 512 బైట్ల ముక్కల్లో లెక్కేస్తే అంతకు మించి పట్టదు.

సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రామ్‌ని బూట్ అవ్వనివ్వని సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. బూట్ మెనూలో వర్చువల్ సీడీ రెండుసార్లు కనపడొచ్చు, పక్కన యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోండి.

పాతడాసు (ఉదయం 10:31)

ఇది అడగకుండానే డాస్ గురించి అంత ఉపన్యాసం ఇచ్చాను, నాదే పొరపాటు. టూల్ ఏ వాతావరణంలో బతుకుతుందో ముందు చూసి ఆ తర్వాతే ఇమేజ్ గురించి ఆలోచించాలి. నేను 1994లో జిమ్ హాల్ ఫ్రీడాస్ మొదలుపెట్టిన రోజుల మనిషిని, చేతిలో సుత్తి ఉంటే అన్నీ మేకులే. ఫ్రీడాస్‌కి ఇప్పటికీ ప్రాణం ఉంది, 2025లో 1.4 వచ్చింది కూడా. కానీ దాన్ని బూట్ చేసే లెగసీ మోడ్ కొత్త బోర్డుల్లోంచి మాయమైపోతోంది.

కొత్తబిచ్చగాడు (ఉదయం 11:05)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నాదీ ఇలాంటిదే. పాత థింక్‌ప్యాడ్ ఉంది, సీడీ డ్రైవ్ లేదు. బయోస్ అప్‌డేట్ బూటబుల్ సీడీ ఐఎస్ఓగా ఇచ్చారు. డీడీ కమాండ్‌తో పెన్‌డ్రైవ్ మీద రాస్తే బూట్ అవ్వట్లేదు, ఉబుంటు ఐఎస్ఓ మాత్రం అలాగే రాస్తే బూట్ అవుతుంది. ఎందుకు?

ఓరుగల్లు64 (ఉదయం 11:20)

ఇది నాకు తెలుసు, నేనూ దెబ్బ తిన్న! ఉబుంటు ఐఎస్ఓ హైబ్రిడ్ తమ్మీ, దాని మొదటి సెక్టార్‌లో పెన్‌డ్రైవ్‌కి కావాల్సిన బూట్ కోడ్ కూడా ముందే కలిపి పెడతారు. నీ బయోస్ ఐఎస్ఓ ఉత్త సీడీనే. కాకపోతే దాని లోపల ఎల్ టొరిటో హార్డ్ డిస్క్ ఇమేజ్ దాక్కొని ఉంటది. గెట్ఎల్‌టొరిటో అని ఒక చిన్న పెర్ల్ స్క్రిప్ట్ ఉంది, అది ఆ ఇమేజ్‌ని బయటికి లాగి వేరే ఫైల్‌గా ఇస్తది. ఆ ఫైల్‌ని డీడీతో పెన్‌డ్రైవ్ మీద రాయి, బూట్ అయితది.

డీడీ కొట్టేముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో పెన్‌డ్రైవ్ ఏ అక్షరమో రెండుసార్లు చూసుకో. నేను ఒకసారి ఎస్‌డీబీకి (పెన్‌డ్రైవ్) బదులు ఎస్‌డీఏ (హార్డ్ డిస్క్) కొట్టిన. మా చెల్లె బీటెక్ ప్రాజెక్ట్ రిపోర్ట్ అందులోనే ఉండె. ఇప్పటికీ రాఖీ కట్టేటప్పుడు గుర్తుచేస్తది.

ఫిల్టర్‌కాఫీ (ఉదయం 11:26)

బ్యాటరీ నిండుగా ఉంచి ఛార్జర్ కూడా పెట్టి చేయండి. కొంచెం కొత్త మోడల్ అయితే ఇదంతా అక్కర్లేదు, లైనక్స్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వేసే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ ఉంది కదా, రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. లెనోవో 2018లో దాని సర్వీసులో చేరింది. ఒక్క కమాండ్‌తో వెతికి, రీబూట్‌లో దానంతట అదే వేసుకుంటుంది. ముందు అది చూసి, అక్కడ మీ మోడల్ లేకపోతేనే ఐఎస్ఓ దగ్గరికి రండి.

చలిదేశం (మధ్యాహ్నం 12:40)

టొరంటోలో అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టక చదువుతున్నాను. కొత్తబిచ్చగాడు గారికి ఒక మాట, అంతా బాగా నడుస్తుంటే ఊరికే కొత్త వెర్షన్ వచ్చిందని ఫర్మ్‌వేర్ ముట్టుకోకండి. అలాగని ఎప్పుడూ ముట్టుకోకూడదనీ కాదు. క్రూషియల్ ఎం4 ఎస్ఎస్‌డీలు గుర్తున్నాయా? వాడకం 5184 గంటలు దాటగానే స్పందించడం మానేసేవి, రీస్టార్ట్ చేస్తే ఒక గంట పని చేసి మళ్లీ అంతే. 2012 జనవరిలో 0309 ఫర్మ్‌వేర్‌తో సరిచేశారు. అది వేసుకోకపోతే ఎంత కొత్త కంప్యూటర్ అయినా గంటకోసారి ఆగిపోయేది. విడుదల నోట్స్ చదివి నిర్ణయించుకోవాలి, తేదీ చూసి కాదు.

మిరపయార్డు (మధ్యాహ్నం 3:17)

యూఈఎఫ్ఐ ఐఎస్ఓ చేశాను, బూట్ అయింది, పసుపు అక్షరాలతో షెల్ వచ్చింది. మ్యాప్ కొడితే ఎఫ్‌ఎస్0, ఎఫ్‌ఎస్1 (డిస్కులకి షెల్ పెట్టే పేర్లు) కనపడ్డాయి. టూల్ నడిపితే ఇప్పుడేమంటోందో చూడండి: "ఇనిట్‌షెల్‌యాప్, అప్లికేషన్ నాట్ స్టార్టెడ్ ఫ్రమ్ షెల్".

షెల్‌లో కూర్చుని నడిపితే షెల్ నుంచి మొదలుపెట్టలేదు అంటుందేమిటి? నేను ఇంకెక్కడి నుంచి మొదలుపెట్టాలి, సత్తెనపల్లి నుంచా?

టంకంపొగ (మధ్యాహ్నం 3:29)

హహ్హ. మీరు వాడింది షెల్ వెర్షన్ 2 అయి ఉంటుంది. ఈ టూల్ పాత షెల్ కోసం కట్టింది, కొత్త షెల్‌ని గుర్తుపట్టదు. ఈడీకే2 (యూఈఎఫ్ఐ ఓపెన్ సోర్స్ కోడ్) పాత విడుదలల్లో ఈడీకే షెల్ బిన్ ప్యాకేజీ అని ఉంటుంది, దాంట్లో ఎక్స్64 ఫోల్డర్‌లో ఉన్న ఫుల్ షెల్ తీసుకోండి, అది వెర్షన్ 1. దాన్నే బూట్ఎక్స్64 పేరుతో పెట్టి ఐఎస్ఓ మళ్లీ చేయండి.

బోర్డులో బిల్ట్ ఇన్ షెల్ ఉంది కదా అని దాన్ని వాడినా చాలావరకు ఇదే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే అదీ వెర్షన్ 2 అయ్యే అవకాశమే ఎక్కువ.

మిరపయార్డు (సాయంత్రం 4:50)

లిస్ట్ వచ్చేసింది!! కార్డు కనపడింది, ఎస్ఏఎస్2008 చిప్, ఐఆర్ ఫర్మ్‌వేర్, అడ్రస్ స్టిక్కర్‌తో సరిపోయింది. చెరపబోతున్నాను. దేవుడా.

ఫిల్టర్‌కాఫీ (సాయంత్రం 4:52)

ఆగండి ఆగండి. ఆ వర్చువల్ సీడీ ఎక్కడుంది? మీ ల్యాప్‌టాప్‌లో. సర్వర్ చదివే ప్రతి బైట్ గుంటూరు నుంచి మీ ఇంటి ఇంటర్నెట్ మీద వెళ్తోంది. చెరిపాక, ఎక్కించే ముందు నెట్ పోతే ఫర్మ్‌వేర్ ఫైల్ ఎక్కడి నుంచి తెస్తుంది?

మిరపయార్డు (సాయంత్రం 5:36)

ఫిల్టర్‌కాఫీ గారూ, మీ నోటికి దండం పెట్టాలా, మీ నోరు కడగాలా తెలియట్లేదు. మీ మెసేజ్ చదువుతుండగానే కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, రౌటర్ వెలుగుతూనే ఉంది, నెట్ మాత్రం లేదు. పావుగంటకి వచ్చింది. కన్సోల్ మళ్లీ తెరిచి షెల్‌లో ఎల్‌ఎస్ కొడితే ఎర్రర్, సీడీ ఊడిపోయింది. ఎరేజ్ కమాండ్ టైప్ చేసి ఎంటర్ మీద వేలు పెట్టి ఉన్నాను అప్పుడు. నిజంగా వేలు దాని మీదే ఉంది.

కాళ్లు వణుకుతున్నాయి, టీ తాగి వస్తాను.

పాతడాసు (సాయంత్రం 5:50)

నారాయణ. మెమ్‌డిస్క్ దారిలో ఇమేజ్ మొత్తం ముందే ర్యామ్‌లోకి వచ్చేస్తుంది కాబట్టి ఈ ప్రమాదం లేదు, యూఈఎఫ్ఐకి మారినప్పుడు ఆ తేడా చెప్పాలని మాకెవరికీ తట్టలేదు.

సర్వర్‌లో ఏదైనా లైనక్స్ ఉందా? ఉంటే ఏ డిస్కు మీద?

మిరపయార్డు (సాయంత్రం 6:08)

డెబియన్ ఉంది, 120 జీబీ చిన్న ఎస్ఎస్‌డీ మీద. అది మదర్‌బోర్డు సాటా పోర్టుకే పెట్టాను, ఈ కార్డుకి సంబంధం లేదు.

పాతడాసు (సాయంత్రం 6:20)

అయితే పండగే. యూఈఎఫ్ఐ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆ ఎస్ఎస్‌డీ మీద ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ ఉంటుంది, ఫ్యాట్‌లోనే ఉంటుంది, యూఈఎఫ్ఐ షెల్ దాన్ని చదవగలదు, రాయగలదు కూడా. డెబియన్‌లోకి వెళ్లి బూట్ కింద ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో ఒక కొత్త ఫోల్డర్ చేసి టూల్, ఫర్మ్‌వేర్ ఫైల్ అక్కడికి కాపీ చేయండి. షా256 మొత్తాలు (ఫైల్ చెడలేదని చూసే సంఖ్యలు) ల్యాప్‌టాప్‌లో ఒకసారి, అక్కడ ఒకసారి చూసి పోల్చండి. తర్వాత మీ ఐఎస్ఓతో షెల్‌లోకి బూట్ చేసి, సీడీని వదిలేసి ఎస్ఎస్‌డీ ఎఫ్‌ఎస్ లోకి మారి అక్కడి నుంచి నడపండి. షెల్ ఒకసారి మొదలయ్యాక ర్యామ్‌లోనే ఉంటుంది, సీడీ ఊడినా దానికేం కాదు. నెట్ పోతే మీరు స్క్రీన్ చూడలేరంతే, సర్వర్ తన పని తాను చేసుకుపోతుంది.

ఐఎస్ఓని చదవగలమే కానీ దాంట్లోకి రాయలేం అన్నది కూడా గుర్తుంచుకోండి. పాత ఫర్మ్‌వేర్ లాంటివి బ్యాకప్ తీసే టూల్స్‌ని సీడీ నుంచి నడిపితే ఫైల్ రాయలేక వదిలేస్తాయి, మెమ్‌డిస్క్‌లో రాసినట్టే రాసి రీబూట్‌తో పోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు.

ఓరుగల్లు64 (సాయంత్రం 6:27)

డెబియన్ ఉంటే డెబియన్‌లోనే ఫ్లాష్ చేయరాదూ? లైనక్స్‌కి కూడా ఈ టూల్ ఉంది కదా మాష్టారూ?

టంకంపొగ (సాయంత్రం 6:41)

ఉంది. ఐటీ పాత వెర్షన్ నుంచి ఐటీ కొత్త వెర్షన్‌కి అయితే అది చాలు, ఇంత తతంగం అక్కర్లేదు. చెరిపే పని మాత్రం డాస్, ఈఎఫ్ఐ వెర్షన్లలోనే ఉంటుంది. మిరపయార్డు గారికి కావాల్సింది అదే.

ఇంకా మూడు చూసుకోండి. సర్వర్ దగ్గర యూపీఎస్ ఉండాలి, నెట్ పోయినా పర్వాలేదు కానీ అక్కడ కరెంటు పోకూడదు. ఫర్మ్‌వేర్ పీ20 అయితే చివర 20.00.07.00 ఉన్నదే తీసుకోండి. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొంది, ఆ అవాగోనే 2016లో బ్రాడ్‌కామ్ అయింది, కాబట్టి వెతికేటప్పుడు బ్రాడ్‌కామ్ సైట్‌లో చూడండి, దొరికిన డ్రైవ్ లింకులు వద్దు. చివరిది, ఈ కార్డుకి తగిలిన డిస్కుల నుంచి బూట్ చేయరు కదా మీరు? అయితే బయోస్ రామ్ ఫైల్ (ఆర్‌ఓఎం, ఆ డిస్కుల నుంచి బూట్ అవ్వడానికి వాడేది) ఎక్కించకండి. సర్వర్ ఆన్ అయినప్పుడు కార్డు డిస్కుల్ని లెక్కపెడుతూ కూర్చునే సమయం మిగులుతుంది.

మిగతా డిస్కుల కేబుళ్లు పీకేసి చేయడం నా అలవాటు. మీ బావమరిదికి చెప్పగలిగితే చెప్పండి.

మిరపయార్డు (శనివారం, రాత్రి 9:55)

చెప్పాను. వాడు కేబుళ్లకి బదులు డిస్క్ ట్రేలే బయటికి లాగాడు, అదే మంచిదైంది. యూపీఎస్ ఉంది, అరగంట ఆగుతుందట. భోజనం చేసి వచ్చి మొదలుపెడతాను, ఖాళీ కడుపుతో ఈ పని చేయలేను.

మిరపయార్డు (రాత్రి 11:12)

అయిపోయింది.

క్రమం రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. షెల్‌లో ఎస్ఎస్‌డీ ఎఫ్‌ఎస్ లోకి వెళ్లాను. లిస్ట్ కొట్టి అడ్రస్ మళ్లీ స్టిక్కర్ ఫొటోతో పోల్చాను. ఎరేజ్ 6 కొట్టాను. అది నడిచినంతసేపూ మా ఆవిడ పక్కన నిలబడి "ఏంటలా చెమటలు" అంటోంది. గట్టిగా నిమిషం కూడా పట్టలేదేమో, నాకు మాత్రం ముహూర్తానికి పెళ్లికొడుకు రాని పెళ్లిలా అనిపించింది. వెంటనే ఐటీ ఫర్మ్‌వేర్ ఎక్కించాను, రామ్ ఫైల్ వేయలేదు. మళ్లీ లిస్ట్ కొడితే ఐటీ అని, 20.00.07.00 అని చూపించింది, అడ్రస్ అలాగే ఉంది. అప్పుడు రీబూట్.

డెబియన్‌లో కెర్నల్ మెసేజ్‌లు చూశాను. కార్డు కేపబిలిటీస్ వరుసలో ఇంతకుముందు రెయిడ్ అనే మాట ఉండేది, ఇప్పుడు లేదు. రేపు ట్రేలు లోపలికి తోయిస్తే డిస్కులు ఎనిమిదీ విడివిడిగా రావాలి.

ఫిల్టర్‌కాఫీ (రాత్రి 11:20)

శుభం. ఆ ఐఎస్ఓని రిమోట్ కన్సోల్ నుంచి ఊడదీశారా? బూట్ ఆర్డర్‌లో సీడీ ముందుంటే రేపు పొద్దున సర్వర్ షెల్‌లో కూర్చుని ఉంటుంది.

మిరపయార్డు (రాత్రి 11:24)

ఇప్పుడు తీశాను. 😅

కొత్తబిచ్చగాడు (ఆదివారం, ఉదయం 8:30)

గెట్ఎల్‌టొరిటోతో నాది కూడా అయిపోయింది, ఓరుగల్లు అన్నా థ్యాంక్స్. ఎల్‌ఎస్‌బీఎల్‌కే మూడుసార్లు చూశాను.

టంకంపొగ (ఉదయం 9:15)

మిరపయార్డు గారూ, ఆ కార్డు మీద ఉన్న హీట్‌సింక్‌కి గాలి తగులుతోందా? ర్యాక్ సర్వర్ల గాలికి అలవాటుపడ్డ కార్డులవి. ఫ్యాన్ల స్పీడ్ తగ్గించి ఉంటే చిప్ బాగా వేడెక్కుతుంది.

మిరపయార్డు (ఉదయం 9:40)

మోత ఎక్కువగా ఉందని మా బావమరిది నిన్ననే రెండు ఫ్యాన్లు పీకేశాడట. ఫోన్ చేస్తున్నాను.